వెలుగు పెరిగితే రంగెందుకు మారాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం గ్రహణం రోజున వంట చెయ్యొచ్చా అన్నవే. చెయ్యొచ్చు, తినొచ్చు కూడా. ఆ సంగతి కిందటి నెలే రాశాను. మిగిలినవాటిలో ఐదు ఉత్తరాలు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. కొన్ని గెలాక్సీల నడుమ వెలుగూ రంగూ ఎందుకు మారుతుంటాయన్నది ఆ విషయం. పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను నంద్యాలలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గెలాక్సీలో మార్పు రావాలంటే కోట్ల ఏళ్లు పడుతుందని క్లాసులో చెప్పారు. కానీ ‘బీఎల్ లాసెర్టే’ అనే గెలాక్సీ గ్రాఫు ఒకటి చూశాను. కొన్ని వారాల్లోనే వెలుగు రెట్టింపైంది. పైగా నీలం ఫిల్టరు గీత బాగా పైకి లేచింది, ఎరుపు ఫిల్టరు గీత అంత లేవలేదు. వెలుగు పెరిగితే అన్ని రంగులూ ఒకేలా పెరగాలి కదా? ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొచ్చమ్మా. నక్షత్రాలతో నిండిన గెలాక్సీ మొత్తం నెమ్మదిగానే మారుతుంది, మీ పాఠంలో తప్పేం లేదు. వారాల్లో మారేది దాని నడిబొడ్డున ఉన్న చిన్న చోటు. అక్కడ లక్షల నుంచి వేల కోట్ల సూర్యుళ్ల బరువు దాకా తూగే బ్లాక్ హోల్ ఉంటుంది. దాని చుట్టూ వాయువు డిస్క్‌లా తిరుగుతూ, రాపిడికి వేడెక్కి, లోపలికి జారుతుంటుంది. కొన్నిటిలో ఆ డిస్క్‌కి నిట్టనిలువుగా జెట్, అంటే సన్నటి ధార కూడా పుడుతుంది. అందులోని పదార్థం దాదాపు కాంతి వేగంతో పోతుంటుంది. ఆ జెట్ మన వైపు తిరిగి ఉంటే ఆ గెలాక్సీని బ్లేజార్ అంటారు. మీరు చూసిన బీఎల్ లాసెర్టే అలాంటిదే.

చిన్న చోటని ఎలా చెబుతామంటే, ఒక వస్తువు వెలుగు వారంలో రెట్టింపైందంటే దాని అడ్డుకొలత కాంతి వారంలో వెళ్లే దూరాన్ని పెద్దగా మించకూడదు. మించితే ఇవతలి అంచు నుంచి వచ్చే కాంతి ముందు, అవతలి అంచుది ఎన్నో రోజుల తర్వాత మనకు చేరుతాయి. ఆ తేడాలో ఎగుడుదిగుళ్లన్నీ కలిసిపోయి గ్రాఫు చదునవుతుంది. మన వైపే దూసుకొచ్చే జెట్‌లో మాత్రం ఈ లెక్కకి చిన్న మెలిక ఉంది. అక్కడ వారాల్లో జరిగింది మనకు రోజుల్లో జరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని సవరించుకున్నా ఆ చోటు గెలాక్సీతో పోలిస్తే చుక్కంతే.

ఈ బీఎల్ లాసెర్టేని 1929లో జర్మన్ ఖగోళవేత్త కూనో హోఫ్‌మైస్టర్ పట్టుకున్నప్పుడు, వెలుగు మారే మామూలు నక్షత్రంగానే జాబితాకెక్కింది. అందుకే దానికి నక్షత్రాలకు పెట్టే తరహా పేరు. 1968లో అదే చోటు నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని తేలాకగానీ అసలు సంగతి బయటపడలేదు. అది మన పాలపుంతలోదే కాదు, సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల అవతలిది. సాధారణంగా 14, 17 మాగ్నిట్యూడ్ల మధ్య ఊగుతుంటుంది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే పదహారు రెట్ల వెలుగు. 2020, 2021లలో ఎర్ర ఫిల్టరులో 12ని కూడా దాటి వెలిగింది.

ఇక రంగు. మా లెక్కలో రంగంటే నీలం ఫిల్టరు మాగ్నిట్యూడ్ లోంచి ఎరుపు ఫిల్టరు మాగ్నిట్యూడ్ తీసేస్తే మిగిలే అంకె, అంతే. వెలుగును పుట్టించే చోటు ఒక్కటే అయితే, అది కూడా అన్ని రంగుల్లో ఒకే పాళ్లలో పెరిగితే, ఈ అంకె కదలదు. కదిలిందంటే రెండింట్లో ఏదో ఒకటి తప్పింది. నా దృష్టిలో వెలుగు గ్రాఫు కంటే ఈ రంగు గ్రాఫే పనికొచ్చేది. వెలుగు పెరిగిందన్న ఒక్క ముక్క విని డిస్క్ పెరిగిందో జెట్ పెరిగిందో చెప్పలేం. రంగు కూడా తెలిస్తే చాలాసార్లు చెప్పగలం.

మొదట డిస్క్ సంగతి. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, వేడి పెరిగేకొద్దీ పసుపుకి, తెలుపుకి తిరుగుతుంది కదా, డిస్క్‌లోనూ అదే భౌతికశాస్త్రం. లోపలి అంచు బాగా వేడి, అక్కడి నుంచి అతినీలలోహిత కాంతి వస్తుంది. బయటికి పోయేకొద్దీ చల్లబడి ఎరుపు పాలు పెరుగుతుంది. డిస్క్ ఇంకాస్త వేడెక్కితే నీలం ఎక్కువ పెరుగుతుంది, ఎరుపు తక్కువ. మామూలు క్వేజార్లు (చాలా దూరాన, నడిబొడ్డు విపరీతంగా వెలిగే గెలాక్సీలు) చాలామట్టుకు వెలుగు పెరిగినప్పుడు నీలం వైపు జరగడానికి ఇదొక కారణం. 2014లో ఎన్‌జీసీ 5548 అనే గెలాక్సీని హబుల్‌తో పాటు మరికొన్ని టెలిస్కోపులు నెలల తరబడి కాపలా కాశాయి. అతినీలలోహితంలో వచ్చిన ప్రతి ఎగుడుదిగుడూ కొంత ఆలస్యంగా నీలంలో, ఇంకొంత ఆలస్యంగా ఎరుపులో కనిపించింది. మధ్యలో పుట్టిన కాంతి బయటి భాగాలను తాకి వేడెక్కించుకుంటూ పోతోందన్నమాట. ఇంకా బయట దుమ్ము ఉంటుంది. అది పరారుణంలో వెలుగుతుంది. ఎన్‌జీసీ 4151లో నడుమ వెలుగు పెరిగాక ఆ దుమ్ము స్పందించడానికి సుమారు 50 రోజులు పట్టింది. అంటే దుమ్ము దాదాపు 50 కాంతి రోజుల దూరంలో ఉంది. ఏ టెలిస్కోపులోనూ విడిగా చూడలేని దూరాన్ని కేవలం రంగుల మధ్య ఆలస్యంతో కొలవడం, నన్నడిగితే, ఈ రంగంలో అన్నిటికంటే అందమైన పని.

బీఎల్ లాసెర్టేలో డిస్క్ వెలుగు నామమాత్రం, కనబడేదంతా జెట్‌దే. జెట్‌లో కాంతినిచ్చేవి అయస్కాంత క్షేత్రంలో చుట్లు తిరిగే ఎలక్ట్రాన్లు. ఏదో ఒక ఆఘాతం వాటికి కొత్తగా శక్తినిస్తే, ఎక్కువ శక్తి ఉన్నవి నీలం వైపు వెలుగుతాయి. కానీ ఆ శక్తిని తొందరగా పోగొట్టుకునేవీ అవే. కాబట్టి మంట లేచేటప్పుడు నీలం ముందుంటుంది, ఆరేటప్పుడు ఎరుపు మిగులుతుంది. మీ గ్రాఫులో కనిపించింది ఇదే.

ఇలా రాసి ఊరుకుంటే ‘వెలుగు పెరిగితే నీలం’ అని సూత్రం బట్టీపట్టేస్తారు. 3సీ 454.3 అనే క్వేజార్‌ని చూడండి. 2005లో అది పెద్ద ఎత్తున మండినప్పుడు రంగు ఎరుపు వైపు జరిగింది. దానికి నీలంగా వెలిగే బలమైన డిస్క్ కూడా ఉంది, జెట్ రంగేమో దాని కంటే ఎరుపు. జెట్ నిద్రపోతున్నప్పుడు డిస్క్ నీలం బయటపడుతుంది, జెట్ లేస్తే దాని ఎరుపు డిస్క్‌ని కప్పేస్తుంది. సూత్రం ఒక్కటే, పాలు వేరు.

చాలామంది రాయని మూడో సంగతి, చుట్టూ ఉన్న మామూలు గెలాక్సీ. ముసలి నక్షత్రాల ఎర్రటి వెలుగు అది, ఎప్పుడూ మారదు. నడుమ ఉన్న నీలం వెలుగు తగ్గితే మొత్తంలో ఈ ఎరుపు పాలు పెరుగుతుంది. అప్పుడు నడిబొడ్డున ఉన్నదాని సొంత రంగు రవ్వంత కూడా మారకపోయినా, మన కొలతలో మారినట్టే వస్తుంది. దీన్ని విడదీయడానికి సులువైన పద్ధతి ఉంది, నువ్వూ చేసి చూడొచ్చు. మాగ్నిట్యూడ్లను వెలుగు పరిమాణాలుగా మార్చు. ఒక అక్షం మీద ఎరుపు, ఇంకో అక్షం మీద నీలం పెట్టి, రాత్రికొక చుక్క చొప్పున గుర్తించు. చుక్కలన్నీ ఒక సరళరేఖ మీద పడితే, మారే భాగం రంగు స్థిరంగా ఉందని అర్థం, ఆ రేఖ వాలే దాని రంగు. రేఖ సున్నా దగ్గరికి పోకుండా పక్కకి తప్పుకుంటే, ఆ తేడా మారని భాగానిది. చుక్కలు రేఖ వదిలి వంపు తిరిగితేనే నిజంగా రంగు మారిందని అనాలి. చాలా సేఫర్ట్ గెలాక్సీల (నడిబొడ్డు క్వేజార్లంత కాకపోయినా బాగా వెలిగేవి) చుక్కలు ఆశ్చర్యంగా సరళరేఖ మీదే పడతాయి. అందుకే డిస్క్ వేడెక్కడం వల్లే రంగు మారిందని ఎవరైనా వెంటనే తేల్చేస్తే, ముందు చుట్టూ ఉన్న గెలాక్సీని తీసేశారా అని అడగాలి.

మన గాలి కూడా ఆటపట్టిస్తుంది. వాతావరణం కుదురుగా లేని రాత్రి నడిమి చుక్క మసకగా పరుచుకుంటుంది. ఫొటోలో దాని చుట్టూ ఎప్పటిలా అంతే వలయం గీసి కొలిస్తే చుక్క వెలుగు కొంత బయట పడిపోతుంది, గెలాక్సీది దాదాపు అంతే ఉంటుంది. కొలిచినవాడు గంటలో రంగు మారిందని రాసుకుంటాడు. మారింది గాలి.

ప్రశ్న: నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఓజే 287 అనే క్వేజార్ పన్నెండేళ్లకోసారి మండుతుందని, దాని తేదీలు ముందే చెబుతారని విన్నాను. పుష్కరాల్లా ఉంది. నిజమేనా సార్?

జవాబు: లెక్క పుష్కరాలదే, గురువుతో సంబంధం మాత్రం లేదు. ఓజే 287 కర్కాటకంలో పుష్యమి పక్కనే మూడు డిగ్రీల దూరంలో ఉంటుంది. 1880ల నుంచి తీసిన ఫొటో పలకల మీద అనుకోకుండా పడుతూ వచ్చింది. ఆ పాత పలకలన్నీ వెతికితే సుమారు పన్నెండేళ్లకోసారి పెద్ద మంటలు, అవీ జంటగా, కనిపించాయి. 1988లో ఫిన్‌లాండ్ శాస్త్రవేత్తలు దీనికి ఒక బొమ్మ గీశారు. 1800 కోట్ల సూర్యుళ్లంత పెద్ద బ్లాక్ హోల్ చుట్టూ 15 కోట్ల సూర్యుళ్లంత చిన్నది తిరుగుతూ, ప్రతి చుట్టులో రెండుసార్లు పెద్దదాని డిస్క్‌ని చీల్చుకుపోతుందని దాని సారాంశం. ఈ బరువులు తర్వాతి లెక్కల్లో వచ్చినవి. కక్ష్య కూడా ప్రతి చుట్టుకీ తిరిగిపోతుంటుంది, అందుకే తేదీలు సమానంగా ఉండవు.

ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన లంకేశ్వర్ దే, గోపకుమార్, ఫిన్‌లాండ్‌కి చెందిన మౌరి వాల్టోనెన్ తదితరులు ఐన్‌స్టీన్ సమీకరణాలతో లెక్క కట్టి 2019 జులై 31న మంట రావాలన్నారు. ఆ సమయానికి అది మన నుంచి చూస్తే సూర్యుడి అవతల ఉంది, భూమ్మీద ఏ టెలిస్కోపుకీ అందదు. భూమికి బాగా దూరంగా ఉన్న స్పిట్జర్ టెలిస్కోపు చూసింది. నాలుగు గంటల తేడాతో మంట వచ్చింది. ఇక్కడా రంగే సాక్ష్యం. డిస్క్‌ని గుద్దడం వల్ల ఎగసిన వేడి వాయువు వెలుగు, జెట్ వెలుగు కంటే నీలంగా ఉండాలి, ధ్రువణం (కాంతి తరంగాలు ఒకే దిక్కున ఊగడం) తక్కువ ఉండాలి. 2015 డిసెంబరులో వచ్చిన మంటలో ఈ రెండూ కనిపించాయి.

అంతా కుదిరిందనుకునేలోపు 2022 అక్టోబరులో రావలసిన మంట కనబడలేదు. పెద్ద బ్లాక్ హోల్ బరువు అసలు 10 కోట్ల సూర్యుళ్లేనని ఇంకో బృందం 2023లో వాదించింది. అదే నిజమైతే బొమ్మ మొత్తం మళ్లీ గీయాలి. నాకైతే రెండు బ్లాక్ హోళ్ల కథ పూర్తిగా వదులుకోవాలనిపించదు. కానీ బరువుల్లో 180 రెట్ల తేడా ఉన్న రెండు లెక్కల మధ్య కూర్చుని ఎవరికీ ఓటెయ్యలేను.

ప్రశ్న: మాస్టారూ, నేను సిద్దిపేటలో ఎనిమిదో తరగతి. ఇలాంటి గెలాక్సీ పూర్తిగా ఆరిపోతుందా? మన పాలపుంత కూడా ఎప్పుడైనా అలా వెలిగిందా?

జవాబు: ఆరిపోతుంది నాయనా, మళ్లీ వెలుగుతుంది కూడా. మార్కేరియన్ 1018 అనే గెలాక్సీ 1980ల మొదట్లో కొన్నేళ్లలోనే కాంతిమంతమైన రకంగా మారి, దాదాపు 30 ఏళ్లు అలాగే ఉండి, 2015 నాటికి మళ్లీ పాత మసక రకానికి వచ్చేసింది. 1ఈఎస్ 1927+654 అనే ఇంకొకటి 2018లో కంటికి కనిపించే కాంతిలో పదుల రెట్లు పెరిగింది. ఆ తర్వాత దాని ఎక్స్ కిరణాలు 40 రోజుల్లోపు పదివేల రెట్లు పడిపోయాయి. బ్లాక్ హోల్ పక్కనే ఉండే అతివేడి వాయువు పొర మాయమై, నెలల్లో మళ్లీ కట్టుకుంది. మన పాత లెక్కల ప్రకారం డిస్క్‌లో పదార్థం ఇంత తొందరగా కదలకూడదు. ఎందుకు కదులుతోందో ఇంకా ఎవరూ తేల్చలేదు, పెద్దయ్యాక నువ్వు తేల్చు.

పాలపుంత మధ్యలోని బ్లాక్ హోల్ 43 లక్షల సూర్యుళ్ల బరువుంటుంది, ఇప్పుడు చాలా నెమ్మదస్తురాలు. అయినా 2019 మేలో ఒక రాత్రి రెండు గంటల్లో పరారుణ వెలుగు 75 రెట్లు మారింది. దాని చుట్టూ ఉన్న వాయు మేఘాల మీద పడి తిరిగొస్తున్న ఎక్స్ కిరణాలను బట్టి, సుమారు 200 ఏళ్ల కిందట అది ఇప్పటికంటే చాలా ఎక్కువ వెలిగినట్టు లెక్క.

ప్రశ్న: ఈ పని మన దేశంలో ఎక్కడ జరుగుతోంది? తెలుగువాళ్లకు ఇందులో వాటా ఉందా? (వరంగల్)

జవాబు: నైనిటాల్‌లో 1972 నుంచి ఉన్న 104 సెంటీమీటర్ల టెలిస్కోపు ఈ విషయంలో పెద్ద పేరు తెచ్చుకుంది. ఒకే రాత్రిలో గంటల వ్యవధిలో వచ్చే మార్పులను అక్కడ 1990ల నుంచి ఓపిగ్గా కొలుస్తున్నారు. బ్లేజార్లలో ఆ మార్పులు తరచుగా దొరుకుతాయి, జెట్ బలం లేని క్వేజార్లలో అరుదు. లద్దాఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల చంద్ర టెలిస్కోపు ఉంది. అక్కడే 2024 అక్టోబరులో ప్రారంభమైన మేస్ అనే 21 మీటర్ల గామా కిరణాల టెలిస్కోపును తయారు చేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. బ్లేజార్ మంటలను గామా కిరణాల్లో పట్టుకోవడం దాని పనుల్లో ఒకటి. తమిళనాడు కావలూరు అబ్జర్వేటరీకి పేరైన వేణు బాప్పు హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదువుకున్నవాడు. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. నేను ఫొటోమెట్రీ, అంటే వెలుగు కొలవడం నేర్చుకున్నది ఉస్మానియావారి రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోపు దగ్గర, ఒకదాన్నొకటి అడ్డుకుంటూ తిరిగే గ్రహణ జంట నక్షత్రాల మీద. వాటికి రైల్వే టైంటేబుల్ లాంటి నియమం ఉంటుంది. క్వేజార్లకు అదేం ఉండదు కాబట్టి రోజూ చూస్తూ ఉండడమే దారి.

చిలీలో 2025 జూన్‌లో తొలి చిత్రాలిచ్చిన వెరా రూబిన్ టెలిస్కోపు పదేళ్ల పాటు ఆరు ఫిల్టర్లతో దక్షిణాకాశాన్ని తిరగేస్తుంది. దాంతో మన చిన్న టెలిస్కోపులు మూలపడతాయని కొందరికి టెన్షన్. నాకు లేదు. రూబిన్ ఒకసారికి ఒక్క ఫిల్టరుతోనే చూస్తుంది, మిగతా ఫిల్టర్లన్నీ పూర్తయ్యేసరికి రోజులు పడుతుంది. ఆలోపు బ్లేజార్ మారిపోతుంది. పది నిమిషాల్లో నాలుగు ఫిల్టర్లూ తిప్పేసే మీటరు టెలిస్కోపు ఇచ్చే రంగు దానికి రాదు. పాత రికార్డుల కొరత కూడా ఇదే. 1937లో 3సీ 279 అనే బ్లేజార్ పదకొండో మాగ్నిట్యూడ్ దగ్గరిదాకా మండినట్టు హార్వర్డ్ గాజు పలకలు చెబుతున్నాయి. కానీ ఆ పలకలు ఎక్కువగా నీలం కాంతికే స్పందించేవి. వెలుగు మిగిలింది, రంగు పోయింది.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై రాజమండ్రిలో ఉంటున్నాను. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంది. వీటిలో ఏదైనా నాకు కనిపిస్తుందా? చూసి ఊరుకోకుండా ఏమైనా కొలవగలనా?

జవాబు: కనిపిస్తుందండీ. 3సీ 273తో మొదలుపెట్టండి. 1963లో మార్టెన్ ష్మిట్ దూరం తేల్చిన మొట్టమొదటి క్వేజార్ అదే, రెండు వందల కోట్లకు పైగా కాంతి సంవత్సరాలు. అదే ఏడాది పాత పలకలు వెతికి, 1880ల నుంచీ దాని వెలుగు మారుతూనే ఉందని కూడా చూపించారు. ఉత్తర, చిత్త నక్షత్రాలను కలుపుతూ మనసులో గీత గీస్తే దాదాపు సగంలో, ఒక రెండు డిగ్రీలు పక్కగా ఉంటుంది. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి మీ ఊళ్లో నడినెత్తికి కాస్త దక్షిణంగా వస్తుంది. మాగ్నిట్యూడ్ 13కి కొంచెం ఇటు. ఊళ్లో దీపాల మధ్య కష్టం, అమావాస్య దగ్గర్లో ఊరి బయటికి తీసుకెళ్లండి. చూడ్డానికి మామూలు నక్షత్రంలా ఉంటుంది. పక్క నక్షత్రాల పటం లేకపోతే ఏది అదో తెలియదు.

కొలవాలంటే చిన్న కెమెరా, నీలం (బి), ఆకుపచ్చ (వి) ప్రామాణిక ఫిల్టర్లు కావాలి. మీ టెలిస్కోపుకి ఆకాశాన్ని వెంబడించే మోటారు లేకపోతే కొన్ని సెకన్ల ఫొటోలు చాలా తీసి కలపండి. అదే ఫ్రేములో వెలుగు మారని నక్షత్రాలతో పోల్చి కొలిస్తే పల్చటి మబ్బు, తేమ వల్ల వచ్చే తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. పోల్చాల్సిన నక్షత్రాల పటాలను వేరియబుల్ స్టార్ అబ్జర్వర్ల అమెరికన్ సంఘం ఉచితంగా ఇస్తుంది, మీ కొలతలు కూడా తీసుకుంటుంది. బి, వి ఫొటోలు వెంటవెంటనే తియ్యండి, ఒకటి ఈరోజు ఇంకొకటి రేపు తీస్తే రంగు లెక్క చెల్లదు.

3సీ 273 మాత్రం తాపీ మనిషి, ఒక్క సీజన్‌లో మీకు పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. హుషారు కావాలంటే అక్టోబరు, నవంబరుల్లో తుపాను లేని రాత్రి చూసి బీఎల్ లాసెర్టే పట్టండి. అది 13, 14 దగ్గర ఉన్నప్పుడు మీ కెమెరాకి చిక్కుతుంది, వారానికీ వారానికీ తేడా తెలుస్తుంది. అన్నట్టు, పుస్తకంలో సమయం రాసేటప్పుడు మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి విశ్వ సమయం రాయండి. రాత్రి పన్నెండు దాటాక తీసిన ఫొటోలకు మన తేదీ మారిపోతుంది, విశ్వ సమయంలో తెల్లవారుజాము ఐదున్నర దాకా పాత తేదీయే.